చేపల పుస్తకంలో ఐదో గడి

మార్చి 9, సోమవారం

పిచ్చుకకి,

అమ్మమ్మ దీవెనలు ముందు, చీవాట్లు తర్వాత.

నీ నాలుగో తేదీ ఉత్తరం శనివారం అందింది. ఫోనులో చెప్పి ఊరుకోకుండా కాగితం మీద పెట్టినందుకు సంతోషం. ఫోనులో అన్న మాటకు సాక్ష్యం ఉండదు. అయితే నీ రాత చూస్తే మాత్రం, ముప్పై నాలుగేళ్ళు లెక్కల టీచరుగా చేసిన మనిషికి మనవరాలివని ఎవరూ నమ్మరు.

నాకు అర్థమైనంతవరకు విషయం ఇది. చేపల శాఖలో నీకు ఉద్యోగం ఇచ్చి, నేనూ మీ తాతయ్యా ముప్పై ఒక్క ఏళ్ళు కాపురం చేసిన ఊరికే నిన్ను వేశారు. నది కట్టలు చూసే ఆఫీసువాళ్ళు అక్కడి మూడు వాగులూ నదిలో కలిసే చోట ఇనప తలుపులు బిగించారు. వసంతంలో కొండల మీద మంచు కరిగి నది పొంగగానే ఆ తలుపులు మూసేస్తే నీళ్ళు వాగుల్లోకి ఎగదన్నవు, కొత్త గోదాముల స్థలం తడవదు. కాని ఆ పొంగుతో పాటు చేపలు వాగుల్లోకి వచ్చి గుడ్లు పెడుతున్నాయని రుజువైతే తలుపులు మూయకూడదు. రుజువు చెయ్యవలసినదానివి నువ్వు. గడువు ఏప్రిల్ 20. అప్పటికి చేపలు కనబడకపోతే ఆ మర్నాడే మూత.

ఇంత ముఖ్యమైన సంగతిని నువ్వు "నీళ్ళు బాగా వచ్చాయి అమ్మమ్మా, భలే ఉంది" అనే వాక్యం కింద దాచిపెట్టావు. "బాగా" అనేది కొలత కాదు. వంతెన స్తంభం మీద అడుగులు, అంగుళాలు గీసి ఉన్నాయి. చూసి రాయి.

ఇక నువ్వు అడిగిన చేపల పుస్తకం. అది నా దగ్గరే ఉంది. మీ తాతయ్య గడియారాల షాపుకి ఆదివారం సెలవు గనక పొంగు రోజుల్లో ఆదివారం ఆదివారం చేపలకు వెళ్ళేవారు. చేప ఇంటికి రాగానే తూచి రాసేదాన్ని. ఆయన పోయాక పుస్తకం మూసేశాను. మొత్తం 212 నమోదులు. ఒక్కోదానికి ఐదు గళ్ళు: తేదీ, వంతెన దగ్గర నీటి మట్టం, చేపలెన్ని, బరువెంత, పట్టిన చోటు. ఎక్కువగా మీసాల చేపలే. చోటు గడి ప్రకారం వంతెన కింద మడుగులో 118 సార్లు, రాతి గట్టు మలుపులో 61 సార్లు, పాత మిల్లు వెనక 33 సార్లు. కూడి చూసుకో.

నకలు దీనితో పంపుతున్నాను. ఆ మూడు చోట్లా వలలు వెయ్యి. చేపలు అక్కడే ఉంటాయి. ముప్పై ఒక్క వసంతాలు ఉన్నవి ముప్పై రెండో వసంతం ఎక్కడికి పోతాయి?

నువ్వు అద్దెకు దిగింది సైకిళ్ళు బాగుచేసే సైకిల్ తాత మేడ మీద అని రాశావు. మనిషి మంచివాడే. శనివారం శనివారం మన వరండాలోకి వచ్చి, చేపల పుస్తకం నా చేత చదివించుకుని పోయేవాడు. ఒక్క చేపను పట్టిన పాపాన మాత్రం పోలేదు. ఓపిక లేదు.

మీ పిన్ని ఇంట్లో నేను కులాసా. మూడో అంతస్తు. ఇక్కడ కొలవడానికి స్నానాల గదిలో బకెట్టు తప్ప వేరే నీళ్ళు లేవు. అది కూడా కొలిచాను, పద్దెనిమిది లీటర్లు అని అమ్మారు గాని పదిహేడే పడుతోంది.

గోళ్ళు కొరకకు.

అమ్మమ్మ


మార్చి 16

అమ్మమ్మకి,

ఒక ముద్దు. అది కొలవలేవు.

ముందు నువ్వు అడిగింది: వంతెన దగ్గర ఇవాళ ఏడడుగుల రెండంగుళాలు. రెండుసార్లు చూశాను. రెండోసారి చూస్తుంటే టోపీ నీళ్ళలో పడిపోయింది.

వారం రోజులు నువ్వు చెప్పిన మూడు చోట్లా వలలు వేశాను. ఉదయం వెయ్యడం, మధ్యాహ్నం తియ్యడం. పడినవి ఇవి. వంతెన కింద ఒక ఎడమకాలి బూటు. రాతి గట్టు దగ్గర వేలెడంత చేపలు రెండు, అవి కూడా పొరపాటున వచ్చినట్టు మొహం పెట్టాయి. మిల్లు వెనక ఒక సైకిల్ టైరు. సైకిల్ తాత దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇది నేను వేసిందే! ఈ అతుకు నాదే!" అని పాత చుట్టం కనబడ్డట్టు సంబరపడి లోపలికి పట్టుకుపోయాడు.

నీళ్ళు ఎంత వడిగా ఉన్నాయంటే వల కొయ్యలు విరిగిపోతున్నాయి. అంత వడిలో చేప నిలబడుతుందా అమ్మమ్మా? కట్టల ఆఫీసు ఇంజనీరు రోజూ గట్టు మీదకి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతున్నాడు. నిన్న ఏమన్నాడో తెలుసా? "ఏమ్మా, చేపలు సెలవు చీటీ పెట్టి వెళ్ళాయా?" అన్నాడు. నేను నీళ్ళు నమిలాను. నిజంగానే, కొంచెం నోట్లోకి పోయాయి.

సైకిల్ తాతకి నీ నకలు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చదివి, "ఈ మూడు చోట్లా నేను ముప్పై ఏళ్ళు కూర్చున్నానమ్మాయ్. కప్ప కూడా పలకరించలేదు" అన్నాడు.

కోప్పడకు గాని ఒకటి అడుగుతాను. ఎత్తిరాసేటప్పుడు గళ్ళు ఏమైనా అటూ ఇటూ అయ్యాయా?

నీ పిచ్చుక


మార్చి 21, శనివారం

పిచ్చుకకి,

దీవెనలు ఉన్నాయి. ఈసారి తక్కువ.

గళ్ళు అటూ ఇటూ అయ్యాయా అని నన్ను అడిగావు. నలభై మంది పిల్లల మార్కులు ముప్పై నాలుగేళ్ళు ఎత్తిరాశాను. ఒక్క పిల్ల తండ్రి ఒక్కసారి కూడా తగాదాకి రాలేదు. అయినా నీ తృప్తి కోసం నిన్న మీ పిన్ని చేత మూలం పైకి చదివించి, నా దగ్గరున్న రెండో నకలుతో సరిచూశాను. మీ పిన్ని నూట యాభయ్యో నమోదు దగ్గర ఆవలించింది. నేను ఆవలించలేదు. తప్పు ఒక్కటీ లేదు.

కాబట్టి తప్పు నీ వలలో ఉంది, లేదా వల వేసే చేతిలో ఉంది. మీ తాతయ్య ఆ మడుగులో తొడల లోతున దిగి నిలబడి గాలం వేసేవారు. అలా అని ఆయనే చెప్పారు. నువ్వు గట్టు మీద నుంచి విసిరి ఊరుకుంటున్నావేమో. ఇంజనీరుకి జవాబు చెప్పలేక నోరు తెరుచుకుని నిలబడితే నీళ్ళు పోక ఏం చేస్తాయి?

ఆయన మడుగులో దిగేవారని రుజువు కూడా పంపుతాను. నా దగ్గర లాండ్రీ పుస్తకం ఉంది. ఆ లాండ్రీ అతను ఏ మరక పడ్డా "ఇది ముందే ఉంది టీచరమ్మా" అనేవాడు. అందుకని సోమవారం బట్టలు వేసేటప్పుడు ఏ బట్ట మీద ఏ మరక, ఎంతమేర తడిసిన చార, అన్నీ రాసి అతని చేత సంతకం పెట్టించేదాన్ని. ఆదివారం ప్యాంటు తొడల దాకా తడిసి ఉంటుంది గదా. అది చూసి నువ్వు నాకు క్షమాపణ రాద్దువుగాని.

పెట్టె అటక మీద ఉంది. మీ పిన్ని ఆఫీసు నుంచి వచ్చాక దింపిస్తాను.

అమ్మమ్మ


మార్చి 23, సోమవారం

పిచ్చుకకి,

లాండ్రీ పుస్తకం చూశాను. 212 ఆదివారాలకు 212 ప్యాంట్లు. మోకాలి దగ్గర ఒక్కటీ తడవలేదు.

తొడల లోతు మడుగులో నిలబడ్డ మనిషి ప్యాంటు మోకాళ్ళ దగ్గర పొడిగా ఎలా ఉంటుంది? ఉండదు. అంటే ఆయన ఆ మడుగులో దిగలేదు. దిగకపోతే చేప ఎక్కడిది? ఒక్కటే జవాబు. ఏ ఊళ్ళోనో చేపల దుకాణంలోది.

ఇంకో సంగతి కూడా ఇప్పుడు తెలిసొచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన ఒక్క గాలం ముల్లు కొత్తది కొనలేదు. ఎంత జాగ్రత్తగల మనిషో అని నేను నలుగురిలో మెచ్చుకునేదాన్ని.

నా చెవిలో పువ్వులు పెట్టి, ఆదివారం పూట ఎక్కడో చెట్టు కింద కునుకు తీసి, అంగడి చేప తెచ్చి నా త్రాసులో పెట్టారు. నేను దాన్ని తూచి, గీతలు గీసిన పుస్తకంలో రాశాను.

నీకు పంపిన నకలు చింపెయ్యి. ఆఫీసులో ఆ పుస్తకం ఊసు ఎత్తకు. వాగుల్లో చేపలు ఎప్పుడూ లేవేమో. ఇంజనీరు చెప్పిందే నిజమేమో.

మీ పిన్ని ఇవాళ చేపలు వేయించింది. నేను పెరుగన్నం తిని లేచాను.

అమ్మమ్మ


మార్చి 29, ఆదివారం

అమ్మమ్మకి,

రెండు ముద్దులు. మొన్నటి ఉత్తరానికి ఒకటి సరిపోదు.

నకలు చింపలేదు. చింపను కూడా. నీ ఉత్తరం కింద షాపులో సైకిల్ తాతకి చదివి వినిపించాను. చక్రం తిప్పుతూ వింటున్నవాడు దుకాణం మాట వినగానే చక్రం ఆపేశాడు.

"చేపల దుకాణమా? ఏ ఊళ్ళో? ఈ ఊళ్ళో చేపల దుకాణం తెరిచి నిండా ఆరేళ్ళు కాలేదు. అంతకుముందు చేప కావాలంటే రెండు బస్సులు మారాలి. ఆదివారం ఆ బస్సులే లేవు!"

"మరి తాతయ్య చేప ఎక్కడిది?" అన్నాను.

"పట్టిందే. నా కళ్ళతో చూశాగా, సైకిల్ హ్యాండిల్‌కి వేలాడుతూ ఇంకా తోక ఆడించేది."

"ఎక్కడ పట్టాడు?"

"మీ అమ్మమ్మ పుస్తకంలో ఉందిగా, మడుగులో" అని, తాత ఒక్కసారి ఆగిపోయాడు. "నేను మడుగు దగ్గర కూర్చునేవాణ్ణి అమ్మాయ్. ఆదివారం పొద్దున్నే. గడియారమన్న సైకిల్ మీద నా పక్కనించే పోయేవాడు. 'పడ్డాయా?' అని అరిచేవాడు. ఆగేవాడు కాదు. మధ్యాహ్నం చేపతో తిరిగొచ్చేవాడు. శనివారం టీచరమ్మని అడిగితే, పుస్తకం తీసి, 'వంతెన కింద మడుగు' అని చదివేది. నేను లేనప్పుడు వచ్చాడేమో అనుకునేవాణ్ణి. ముప్పై ఏళ్ళు అనుకున్నాను!"

తర్వాత నవ్వు మొదలుపెట్టాడు. పంపు మీద తల ఆనించి నవ్వాడు. కొంచెంసేపు కోపం వచ్చి, "మోసగాడు!" అని రెంచీ విసిరాడు. మళ్ళీ నవ్వాడు.

అమ్మమ్మా, తాతయ్య ఒకసారి ఆయనతో అన్న మాట ఇది. "మా ఇంట్లో అబద్ధం ఆడటం చేతకాని మనిషి ఉంది. ఎవరేం అడిగినా ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. దానితో ఏదైనా దాచుకోవాలంటే ముందు దానికే తెలియకూడదు." ఏదో గడియారం సంగతి అనుకున్నాట్ట తాత.

అంటే తాతయ్య చేప నిజం, బరువు నిజం, తేదీ నిజం. చోటు ఒక్కటే అబద్ధం. ఊరంతా నీ పుస్తకం చూసి వెళ్ళి వంతెన కింద కూర్చునేవాళ్ళు, తాతయ్య హాయిగా ఇంకోచోట పట్టుకునేవాడు.

ఎక్కడ? అది నీ లాండ్రీ పుస్తకానికి తెలుసేమో. మోకాలి దగ్గర తడవలేదన్నావు. మరి ఎక్కడ తడిసింది? ఇంకా ఇరవై రెండు రోజులే ఉన్నాయి. కోపం తర్వాత పడుదువుగాని, ముందు మరకలు చూడు.

వంతెన దగ్గర ఏడు అడుగుల పదంగుళాలు.

నీ పిచ్చుక


ఏప్రిల్ 3, శుక్రవారం

పిచ్చుకకి,

దీవెనలు మామూలు కొలతకి వచ్చాయి.

మూడు రోజులు ఇంకేమీ చెయ్యలేదు. మీ పిన్ని నా పక్కన కాఫీ పెట్టి, చల్లారాక తీసుకెళ్ళడమే పనిగా పెట్టుకుంది. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి తేదీకి తేదీ కలిపాను. తేలింది ఇది.

ప్యాంటు అంచు నుంచి నాలుగంగుళాలు తడి. అంతకుమించి ఎప్పుడూ లేదు. అంటే చీలమండ లోతు నీళ్ళు. పైకి మడుచుకోమని నేను చెబుతూనే ఉండేదాన్ని, ఆయన వింటేగా.

బురద రంగు "పసుపు" అని 212 సార్లూ రాశాను. మడుగు దగ్గరా, మిల్లు దగ్గరా ఉన్నది నల్లమట్టి. రాతి గట్టు దగ్గర మట్టే లేదు. పసుపు బంకమట్టి ఆ ఊళ్ళో ఒక్క ఇటుకల బట్టీ వెనకే ఉంది. బట్టీవాళ్ళు దానికోసమే అక్కడ పెట్టారు.

అంచు మడతలో గడ్డిగింజలు. ఎండిన గడ్డివి.

చొక్కా ముందువైపు గుండె నుంచి పొట్ట దాకా పచ్చని మరక. రెండు చేతులూ మోచేతుల దాకా తడి. ఆ మరకకి ఆయన చెప్పిన కారణం "సైకిల్ మీంచి పడ్డాను" అని. 212 ఆదివారాలు సైకిల్ మీంచి పడ్డ మనిషి! నేను మందు కూడా రాసేదాన్ని. పిచ్చుకా, ఆయన బోర్లా పడుకునేవారు. గడ్డిలో బోర్లా పడుకుని, నీళ్ళలో చేతులు పెట్టి, చేత్తో పట్టేవారు. గాలం ముల్లు ఎందుకు అరుగుతుంది?

ఇంకొకటి. నీటి మట్టం గడి మళ్ళీ చూశాను. నీళ్ళు ఎక్కుతున్న రోజున చేప లేదు. దిగుతున్న రోజున లేదు. ఏడడుగులు దాటి, ఎక్కకుండా దిగకుండా రెండు మూడు రోజులు నిలిచిన ఆదివారాల్లోనే ఉంది. ఇన్నేళ్ళు రాశాను గాని ఈ సంగతి చూడలేదు. రాయడం వేరు, చూడటం వేరు అని పిల్లలకు చెప్పేదాన్ని.

కాబట్టి వాగులో వెతకకు. వడికి ఆగలేని చేప వాగులో ఎందుకుంటుంది? వాగు దాటి, బట్టీ వెనక గడ్డిలోకి పాకి, ఎండకి వెచ్చబడి నిలిచిన నీళ్ళు ఉంటాయి చూడు. అక్కడ వెతుకు. మట్టం రెండు రోజులు కదలకుండా ఉన్నప్పుడు వెళ్ళు. మెల్లగా వెళ్ళు. నీడ నీళ్ళ మీద పడనీయకు.

మీ తాతయ్య సైకిల్ తాతతో అన్న మాట సంగతి. నాకు తెలిస్తే ఎవరడిగినా చెప్పేసి ఉండేదాన్ని, అది నిజమే. అయినా ఒక్కసారి "చెప్పకు" అని అడిగి చూడవలసింది. ఏమో, ఆయన కోసం ఆ ఒక్కటి ఓర్చుకునేదాన్నేమో. అడగలేదు గనక చెప్పలేను.

చొక్కా పాడవుతుందని చూడకు.

అమ్మమ్మ


ఏప్రిల్ 9

అమ్మమ్మా!

ఉన్నాయి!

మొన్న, నిన్న, ఇవాళ వంతెన దగ్గర ఏడు అడుగుల ఎనిమిదంగుళాలు, అంగుళం కదల్లేదు. పొద్దున తొమ్మిదింటికి సైకిల్ తాతా నేనూ బట్టీ వెనక్కి వెళ్ళాం. పెద్ద గడ్డి మైదానం, సగం నీళ్ళలో ఉంది. నీళ్ళు ఎంత తక్కువంటే గడ్డి కొసలు పైకే కనబడుతున్నాయి. చెయ్యి పెడితే వెచ్చగా ఉన్నాయి, వాగు నీళ్ళు మాత్రం వేళ్ళు కొరికేస్తున్నాయి. మొదట ఏమీ కనబడలేదు. తాత, "ఇందులో చేపా? పిల్లి కూడా మునగదు" అన్నాడు.

అప్పుడు గడ్డి కదిలింది. గాలి లేదు. అక్కడొక చోట, ఇక్కడొక చోట, ఎవరో లోపల్నించి దువ్వుతున్నట్టు. నేను బోర్లా పడుకున్నాను. అంత ఎత్తు నుంచి చూస్తే అర్థమైంది. వీపులు! నీళ్ళు చాలక వీపులు బయటికొచ్చి, ఎండలో మెరుస్తూ, మీసాల చేపలు గడ్డి మధ్య ఒకదాన్నొకటి తోసుకుంటూ తిరుగుతున్నాయి. ఒకటి నా చేతికి తగిలింది. జారిపోతుందని కాదు, వదిలెయ్యాలనిపించి వదిలేశాను. గడ్డి కాడ ఒకటి పైకి తీస్తే, ఆవగింజలంత గుడ్లు, అద్దంలా, కాడ పొడుగునా అంటుకుని ఉన్నాయి.

సైకిల్ తాత బూట్లు విప్పి చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు. తర్వాత "గడియారమన్నా, నిన్ను ఊరికే వదలకూడదయ్యా" అని గట్టిగా తిట్టాడు. తిడుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

లెక్క: మధ్యాహ్నం పన్నెండు లోపల 64 చేపలు. గుడ్లున్న కాడలు చదరపు గజానికి 11. ఫొటోలు తీశాను.

ఇంజనీరుకి చూపించాను. ఈసారి చేతులు వెనక్కి కట్టుకోలేదు, కానీ ఒప్పుకోలేదు. "ఈ ఏడు దారి తప్పి వచ్చుంటాయి. ఒక్క ఏటి లెక్కతో తలుపులు తెరిచి పెట్టలేం. ప్రతి ఏడూ వస్తాయని పాత రికార్డు ఏమైనా ఉందా?" అన్నాడు. ఉందన్నాను. అయితే ఈ ఫారం నింపించుకు రమ్మన్నాడు. చేపల పుస్తకంలో "ప్రతి గడీ నాకు తెలిసినంతవరకు నిజం" అని నువ్వు సంతకం పెట్టాలి. ఇరవయ్యో తేదీ సమావేశంలో పుస్తకం పెడితే చాలు, గెలిచినట్టే.

ఫారం దీనితో ఉంది. కింద చుక్కల గీత మీద సంతకం. వెంటనే పంపు అమ్మమ్మా!

నీ పిచ్చుక
(చొక్కా సంగతి అడగకు)


ఏప్రిల్ 13, సోమవారం

పిచ్చుకకి,

నీ ఉత్తరం మీ పిన్నికి రెండుసార్లు చదివాను. రెండోసారి ఆమె అడగలేదు.

ఫారం మీద సంతకం పెట్టను.

పుట్టి మునిగినట్టు గాభరా పడకు, మొత్తం చదువు. "ప్రతి గడీ నిజం" అని నేను ఎలా రాస్తాను? ఐదో గడి 212 సార్లు అబద్ధం. పోయిన నెలలో అడిగి ఉంటే కళ్ళు మూసుకుని పెట్టేదాన్ని. ఇప్పుడు తెలిసి పెట్టలేను. మీ పిన్ని "ఐదో గడి కొట్టేసి బట్టీ అని రాసెయ్యమ్మా" అంది. మూసేసిన పుస్తకం దిద్దితే అది దొంగ పుస్తకం అవుతుంది, మిగిలిన నాలుగు గళ్ళూ దానితోనే పోతాయి.

నేను ఒప్పుకునే మాట వేరే కాగితం మీద రాసి సంతకం పెట్టాను. చేపల పుస్తకం, లాండ్రీ పుస్తకంతో సహా రిజిస్టరు పోస్టులో వస్తుంది. అక్కడ అందరి ముందూ చదవాలి. మొహమాటపడి ఒక్క వాక్యం కూడా వదలకు. నవ్వితే నవ్వనీ. నీకు ముందే తెలియాలి గనక ఇక్కడ ఎత్తిరాస్తున్నాను:

"నేను పదవీ విరమణ చేసిన లెక్కల టీచరుని. ఈ చేపల పుస్తకంలో మొదటి నాలుగు గళ్ళూ నేను స్వయంగా చూసి, తూచి రాసినవి. వాటికి నాది పూచీ. ఐదో గడి నా భర్త చెప్పింది. అది మొదటి నుంచి చివరి దాకా అబద్ధం. ఆయన చెడ్డవాడు కాదు. మంచి చోటు నలుగురికీ తెలిస్తే నాలుగేళ్ళలో చేప మిగలదని ఆయన భయం. నాకు చెబితే నలుగురికీ చెప్పినట్టేనని కూడా ఆయనకు తెలుసు. నిజమైన చోటు ఆయన బట్టల మీద ఉంది. ఆ వివరాలు లాండ్రీ పుస్తకంలో, లాండ్రీ అతని సంతకాలతో సహా ఉన్నాయి. రెండు పుస్తకాలూ కలిపి చదివితే ఇటుకల బట్టీ వెనక గడ్డిలోకి ముప్పై ఒక్క వసంతాలు మీసాల చేప వచ్చిందని తేలుతుంది. నేను మోసపోయానని రాసుకోవడం నాకు ఇష్టమైన పని కాదు. కాని తలుపులు మూస్తే మోసపోయేది చేపలు."

చివరి వాక్యం టీచరు రాయవలసింది కాదు. ఉండనీ.

అమ్మమ్మ


ఏప్రిల్ 21

అమ్మమ్మకి,

నిన్న రెండో వాక్యానికే నేను తడబడితే, నీ కాగితం ఇంజనీరే తీసుకుని చదివాడు.

హాల్లో ముప్పై మందికి పైనే ఉన్నారు. గోదాములవాళ్ళు ముందు వరసలో. "మొదటి నుంచి చివరి దాకా అబద్ధం" దగ్గర హాలంతా గొల్లుమంది. ఇంజనీరుకే నవ్వు ఆగక కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను తలవంచుకున్నాను. సైకిల్ తాత మాత్రం వెనక వరసలోంచి లేచి, "ఏం నవ్వుతారయ్యా! ఆ గడి నమ్మి ముప్పై ఏళ్ళు కూర్చున్నవాణ్ణి నేనిక్కడ ఉన్నాను!" అన్నాడు. ఇంకా నవ్వారు.

అధ్యక్షురాలు మాత్రం నవ్వలేదు. పెద్దావిడ, తెల్లజుట్టు, నీలాగే పెన్సిలు చెవి మీద పెట్టుకుంది. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టించుకుని, వేలితో తేదీకి తేదీ చూసింది. గోదాముల పెద్దమనిషి లేచి, "అబద్ధం ఉందని రాసినావిడే ఒప్పుకున్న పుస్తకం ఎలా చెల్లుతుందండీ?" అన్నాడు. ఆవిడ తల ఎత్తకుండానే, "సొంత మొగుడు చెప్పిన అబద్ధాన్ని ఊరందరి ముందూ పెట్టిన మనిషి, చేప బరువులో అబద్ధం ఆడుతుందా? కూర్చోండి" అంది.

కూర్చున్నాడు.

తీర్పు: మార్చి నుంచి మే ఆఖరు దాకా మూడు వాగుల తలుపులూ మూయకూడదు. ఏటేటా. గోదాములవాళ్ళు స్థలం ఎత్తు పెంచుకోవాలి. ఆ మూడు నెలలూ బట్టీ వెనక గడ్డిలో ఎవరూ చేప పట్టకూడదని బోర్డు కూడా పెడతారు. సైకిల్ తాత బయటికొచ్చి, "ముప్పై ఏళ్ళకి చోటు తెలిసింది, తెలిసిన పదకొండో రోజున బోర్డు పెట్టారు!" అని మెట్ల మీద కూలబడ్డాడు. తర్వాత నాకు టీ ఇప్పించాడు.

ఇంజనీరు నీకు నమస్కారం చెప్పమన్నాడు. లాండ్రీ పుస్తకం ఇంకో వారం ఉంచుకోవచ్చా అని అడిగాడు. ఇంటికి తీసుకెళ్ళి భార్యకి చూపిస్తాట్ట.

తాతయ్య పరువు తీశానని నీకు బాధగా ఉందా? నాకు ఒక్కటే బాధ. నువ్వు లేవక్కడ.

నీ పిచ్చుక


ఏప్రిల్ 25, శనివారం

పిచ్చుకకి,

దీవెనలు. ఈసారి కొలవలేదు.

ఇంజనీరు వారం ఉంచుకోవచ్చు. ఎనిమిదో రోజు నేను ఉత్తరం రాస్తాను. పుటల అంచులు మడవకూడదు.

మీ తాతయ్య పరువు ఏమీ పోలేదు. మొన్నటిదాకా ఊరికి ఆయన గడియారాలు బాగుచేసిన మనిషి. ఇప్పుడు మూడు వాగుల్ని తెరిపించిన మనిషి. నా మీద ఆయనకి ఉన్న నమ్మకం ఎలాంటిదో తెలిసింది, అది కొంచెం వంకర నమ్మకం. నేను దాన్ని తిప్పి తిప్పి చూస్తున్నాను. ఒక పక్క నుంచి చూస్తే కోపం వస్తుంది. ఇంకో పక్క నుంచి చూస్తే, నేను అబద్ధం ఆడనని ఇంత గట్టిగా నమ్మినవాళ్ళు నా బతుకులో ఇంకెవరున్నారు?

ఇక అసలు విషయం. ముప్పై ఒక్క ఏళ్ళు ఆయన తెచ్చిన చేపను తూచాను గాని, ఆయన చూసింది చూడలేదు. ఆ గడ్డి, ఆ వెచ్చని నీళ్ళు, ఆ వీపులు. ఇన్నేళ్ళూ ఇంట్లో త్రాసు పట్టుకుని కూర్చున్నాను. ఎవరో చెప్పినదాన్ని ఇకమీదట రాయదలుచుకోలేదు, నువ్వు చెప్పినది కూడా.

కాబట్టి వచ్చే శనివారం ఉదయం పదిన్నర బస్సుకి దిగుతున్నాను. అయిదో నంబరు రబ్బరు బూట్లు తెచ్చి ఉంచు. సైకిల్ తాతని రమ్మను, కాని మాట్లాడకూడదని చెప్పు. నన్ను బట్టీ దాకా మీరిద్దరూ తీసుకెళ్ళండి. అక్కణ్ణించి నేనే నడుస్తాను.

మీ పిన్ని ఇల్లు ఎగిరిపోయేట్టు అరుస్తోంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి నీళ్ళలో బోర్లా పడుకోవడమేమిటంది. చీలమండ లోతు నీళ్ళలో ఇంతవరకు ఏ టీచరూ మునగలేదన్నాను. పడుకోవడం నేను పడుకుంటాను, లేపడానికి ఇద్దరున్నారు.

రోజూ వంతెన దగ్గర కొలత చూస్తూ ఉండు. ఏడడుగులు దాటి నిలిచి ఉంటే మంచిదే. నేను వచ్చేలోపల దిగిపోతే దిగిపోనీ, నువ్వు దిగులు పడకు. వచ్చే వసంతం చేపలతో పాటు నేనూ వస్తాను. తలుపులు తెరిచే ఉంటాయి గదా.

అమ్మమ్మ